గీత బయట అరిచేవాళ్ళే లేకపోతే!

ఫుట్‌బాల్ ఆటకు బంతి అవసరమని చాలామంది అనుకుంటారు. అమాయకులు! బంతి లేకపోయినా ఆట జరుగుతుంది. రిఫరీ లేకపోయినా జరుగుతుంది. అంతగా అయితే ఆడే పిల్లలు లేకపోయినా ఎలాగోలా లాగించేయవచ్చు. గ్రౌండు గీత బయట నిలబడి గొంతు చించుకునే పెద్దలు లేకపోతే మాత్రం ఆట ఒక్క నిమిషం కూడా నడవదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. అరుపుల విషయంలో నాకు సర్వాధికారాలూ ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ళు రాతి క్వారీలో కేక వేసే ఉద్యోగం చేశాను. కొండకు మందు పెట్టి పేల్చేముందు "జరగండహో" అని అరిచి జనాన్ని దూరంగా పంపడం నా పని. నా కేక వినపడనివాడు గానీ, విని పొరబడినవాడు గానీ ఆ ముప్పై నాలుగేళ్ళలో ఒక్కడు లేడు. ఒకసారి మందు తడిసి పేలకపోతే నా కేకకే బండ రెండుగా చీలింది. ఆ ముక్కల్లో ఒకటి ఇప్పటికీ మేనేజరు గది ముందు మెట్టుగా పడి ఉంది. చూడనివాళ్ళు నమ్మరు. చూసినవాళ్ళు అసలే నమ్మరు.

ఇలాంటి గొంతు ఏ ఆటనైనా గెలిపిస్తుందే గానీ ఓడించదు. కావాలంటే రాసిపెట్టుకోండి!

ఇక అసలు సంగతి. మా ఊళ్ళో ఏటా ఒక వారం పాటు అంతర్జాతీయ బాలబాలికల ఫుట్‌బాల్ టోర్నమెంట్ జరుగుతుంది. ఆడేవాళ్ళంతా పద్నాలుగేళ్ళ లోపువాళ్ళు. బాలికల పోటీకే ఇరవై దేశాల నుంచి టీములు వస్తాయి. పాత గోడౌన్ల వెనక నాలుగు గ్రౌండ్లు ఉన్నాయి. ఒక్కో గ్రౌండు చుట్టూ సున్నంతో గీసిన తెల్లగీత. గీత లోపల పిల్లలు, బయట పెద్దలు. ఒక్కో పిల్లకు తల్లి, తండ్రి, తాత, మేనమామ, మేనమామ స్నేహితుడు, దారిన పోతూ ఆగినవాడు!

గేటు దగ్గర కమిటీవాళ్ళు ఏడు భాషల్లో ఒక బోర్డు పెట్టారు. "ఆడుతున్నది పిల్లలు. దయచేసి అరవకండి" అని. పెద్దలు ఆ బోర్డును ఎంతో శ్రద్ధగా చదువుతారు. చదవలేకపోయిన వెనకవాళ్ళకు వినపడేలా అరిచి చెబుతారు కూడా.

నన్నడిగితే ఆ బోర్డు పీకేయాలి. ఈ అరుపులు పిల్లల పాలిటి వరం. ఎలాగో వివరంగా చెబుతాను. మీకు తొందరేమో గానీ నాకు వేరే పనేమీ లేదు.

ఒక పాప కాలి దగ్గరికి బంతి వచ్చిందనుకోండి. రెండంటే రెండు సెకన్లు ఆమె దగ్గర ఉంటుంది. ఆ రెండు సెకన్లలో ఆమెకు ఎన్ని సలహాలు అందుతాయో చూడండి. తన్నమని ఒకరు, తన్నకుండా ఆగమని ఒకరు, ఎడమకి ఇమ్మని ఒకరు, ఎడమంటే నా ఎడమ కాదు నీ ఎడమ అని ఇంకొకరు. ఆ సందులోనే బూటు లేసు కట్టుకోమని తల్లి. పన్నెండేళ్ళకే ఐదుగురు మేనేజర్ల కింద ఒకేసారి పనిచేసిన అనుభవం ఏ స్కూల్లో దొరుకుతుంది? రేపు ఆ పిల్ల ఆఫీసులో చేరితే తిరుగుంటుందా? ఈలోగా బంతి ఎటో పోతుంది. పోనివ్వండి. బంతిదేముంది, గాలి కొట్టిన తోలే కదా!

పైగా ఆరోగ్యం! మా అల్లుణ్ణే తీసుకోండి. లైబ్రరీలో పని. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా పెదాల మీద వేలు పెట్టుకుని "ష్" అనడమే ఆయన ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. కుక్కర్ కూత వేస్తే దాని వైపు చూసి "ష్" అంటాడు. చిత్రమేమిటంటే అది ఊరుకుంటుంది! పెళ్ళయి పదహారేళ్ళయినా నాతో ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డుకు సరిపోతాయి. ఇంకా చిరునామా రాసుకోవడానికి చోటు మిగులుతుంది.

అలాంటి మనిషి గీత పక్కన నిలబడితే చూడాలి మీరు! మెడ మీద నరాలు తాళ్ళలా లేస్తాయి. కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుంది. కిందటేడు ఆయన "ఆఫ్‌సైడ్" అని వేసిన కేకకు మూల మీద పాతిన జెండా అవతలికి వంగింది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆయనకు ఇప్పటికీ తెలియదు. నాకూ తెలియదు. తెలిసి అరిస్తే అందులో గొప్పేముంది? ఆ వారం రోజులు కడుపారా అరిచి వచ్చాక ఏడాదంతా ఎంత నెమ్మదిగా ఉంటాడో! ఏ డాక్టరు రాయగలడు అలాంటి మందు?

ఇక మా అమ్మాయి. కళ్ళజోళ్ళ షాపులో వచ్చినవాళ్ళకు కళ్ళు పరీక్ష చేస్తుంది. అందరు తల్లుల్లాగా "రిఫరీకి కళ్ళు కనపడవా" అని ఊరికే నోరు పారేసుకునే మనిషి కాదు. వృత్తి ధర్మం ఉంది. నలభై అడుగుల దూరం నుంచే ఆ కుర్ర రిఫరీకి ఎడమ కంటికి ఎంత పవరు కావాలో, కుడి కంటికి ఎంత కావాలో లెక్క కట్టి, గ్రౌండంతా వినపడేలా ప్రకటిస్తుంది. రిఫరీ వేరే దేశంవాడు, భాష తెలియదు. అయినా మర్నాడు కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. ఇది సేవ కాక మరేమిటి?

అంతర్జాతీయ స్నేహం మాటేమిటంటారా? అదీ చెబుతాను. కిందటేడు ఏదో ద్వీపం నుంచి వచ్చిన టీముతో ఒక ముసలాయన వచ్చాడు. ఉన్ని టోపీ, చేతిలో గొడుగు, నా ఈడే ఉంటుంది. వాళ్ళ టీములో తొమ్మిదో నంబరు పిల్లకు తాత. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. ఇద్దరం ఒకే గీత మీద పక్కపక్కన నిలబడి గంటసేపు అరిచాం. ఆయన అన్నది ప్రతిదీ నాకు అర్థమైంది! "అటు కాదే పిచ్చిమొహమా" అన్నాడు, "మీ అమ్మా ఇంతే" అన్నాడు, "నా రోజుల్లో అయితేనా" అన్నాడు. ఆయన రోజుల్లో ఆయన ఏం పొడిచాడో నాకు తెలియదు గానీ, మనిషి నాకు నచ్చాడు. ఆటయ్యాక కౌగలించుకున్నాం. ఇద్దరికీ గొంతు పోవడం వల్ల వీడ్కోలు మాత్రం చేతి సైగలతోనే జరిగింది.

ఇన్ని లాభాలు కళ్ళారా చూశాక ఊరుకోలేక కమిటీకి ఒక ఉత్తరం రాశాను. అయ్యా, ఈ టోర్నమెంటులో అసలు పోటీ గీత బయటే జరుగుతోంది. కాబట్టి వచ్చే ఏడు నుంచి గ్రౌండు కొంచెం చిన్నది చేసి గీత బయటి స్థలం పెంచండి. గొంతుల్లో అండర్ ఫార్టీ, అండర్ సిక్స్‌టీ, నాలాంటివాళ్ళకు ఓపెన్ అని మూడు విభాగాలు పెట్టండి. పిల్లలు ఎండలో అనవసరంగా పరిగెత్తుతున్నారు, వాళ్ళను ఇంట్లో వదిలేసి రావడానికి అనుమతించండి. వాళ్ళు లేకపోయినా మేము అదే ఉత్సాహంతో అరుస్తామని హామీ ఇస్తున్నాను. ఇట్లు, ఒక శ్రేయోభిలాషి.

మీ సలహా అందింది, ధన్యవాదాలు అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. గొప్ప ఆలోచనలన్నిటికీ మొదట్లో ఇలాంటి జవాబులే వస్తాయి.

అంతా బాగానే ఉంది గానీ, మా ఇంట్లోనే ఒక చిన్న ఇబ్బంది వచ్చిపడింది. దాచుకుని ఏం చేసుకుంటాను, మీకు చెప్పేస్తాను.

మా మనవరాలు మా ఊరి టీములో గోల్‌కీపర్. టీములో అందరూ దాన్ని ఉడుము అంటారు. బంతి చేతికి చిక్కిందంటే అంతే సంగతులు, ఉడుంపట్టు! ఆరేళ్ళప్పుడు పుచ్చకాయను పట్టుకుంటే ఇద్దరు మగవాళ్ళు కలిసి లాగినా వదల్లేదు, ఆఖరికి చుట్టూ కోసుకుని తిన్నాం. అంత పట్టు! ఇంట్లో మాత్రం మాట తక్కువ. వాళ్ళ నాన్న పోలిక.

కిందటేడు ఆ ద్వీపం టీముతోనే ఆట. ఒకటి ఒకటి సమానంగా ఉంది. ఇంకా రెండు నిమిషాలే. తొమ్మిదో నంబరు పిల్ల తన్నిన బంతి, తన్నినట్టు కూడా కాదు, బూటుకు తగిలి దొర్లుకుంటూ మా గోల్ వైపు వస్తోంది. పసిపిల్ల పాకినట్టు వస్తోంది. గోల్ లోపలికి పోతుందా, పక్కన కమ్మీ అవతల నుంచి బయటికి పోతుందా అన్నది తెలియడం లేదు. ఉడుము అప్పటికే మోకాళ్ళ మీద వంగి రెండు చేతులూ చాపింది.

గీత మీద అందరూ అరుస్తున్నారు. నేను ఊరుకుంటానా? బండలు చీల్చిన గొంతు కదా! గుండెల నిండా గాలి పీల్చి "వదలకే" అని అరిచాను.

మా ఉడుముకు "వదలవే" అని వినపడింది.

చూశారా మన భాష! "క" తీసి "వ" పెడితే చాలు, పట్టుకోమన్నది వదిలేయమన్నది అవుతుంది. ఆ తొమ్మిదో నంబరు పిల్ల తాత ఎంత అరిచినా ఇంత చక్కని ప్రమాదం వాళ్ళ భాషలో జరిగి ఉండదు!

ఉడుము చాపిన చేతులు వెనక్కి తీసుకుంది. తాత చెప్పాడు కదా అని నిలబడి చూసింది. బంతి ఆమె బూట్ల పక్క నుంచి, తొందరేమీ లేకుండా, కమ్మీకి లోపలివైపు తగిలి గోల్‌లోకి వెళ్ళి కూర్చుంది.

ఆట ఓడిపోయాం. అవును, మొదట్లో రాసిపెట్టుకోమన్నాను కదా, దాన్ని ఇప్పుడు కొట్టేసుకోండి. నిజానికి క్వారీలో నా కేకను పొరబడి వినడానికి అవకాశం ఏముంది గనక? అక్కడ నేను అరవాల్సింది ఒకే ఒక్క మాట! ముప్పై నాలుగేళ్ళూ అదే. పైగా నా పక్కనే ఒకడు ఎర్రజెండా ఊపేవాడు, జనం దాన్ని చూసి జరిగేవారు. ఆ సంగతి ఇంతకుముందు చెప్పడం మరిచాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో ఉడుము నా పక్కనే కూర్చుంది. గ్లవుజులు విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు వదలమన్నావు కదా తాతయ్యా," అంది.

కోపంగా అన్నా బాగుండేది. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. వదలకే అన్నానే అని చెప్పబోయి ఊరుకున్నాను. చెబితే మాత్రం ఏం లాభం?

ఆ తర్వాత ఏడాదంతా ఒక వింత జరిగింది. బంతి తన వైపు వచ్చినప్పుడల్లా ఉడుము ముందు గీత వైపు చూసేది. ఎవరైనా ఏమైనా చెబుతున్నారేమోనని. చూసి, విని, అప్పుడు బంతి వైపు తిరిగేది. అప్పటికి బంతి వెళ్ళి తన వెనక వలలో చల్లగా పడుకుని ఉండేది. ఇది కూడా మా అరుపుల ఘనతే! పెద్దల మాట వినే పిల్ల కావాలని ఎవరు కోరుకోరు?

వాళ్ళకు ఆట నేర్పేది ఒక బేకరీ ఆవిడ. తెల్లవారకముందే లేచి బ్రెడ్లు కాలుస్తుంది, సాయంత్రం పిల్లలను పరిగెత్తిస్తుంది. పిల్లలంతా కోచమ్మ అంటారు. చేతుల మీద ఎప్పుడూ పిండి, నోట్లో ఎప్పుడూ ఈల, మాటల్లో మొహమాటం లేదు. నెలల తరబడి చూసి, ఒకనాడు మా అమ్మాయి షాపుకే వెళ్ళింది. కళ్ళ పరీక్షకేమో అనుకుని మా అమ్మాయి కుర్చీ చూపించిందట.

"మీ పిల్ల చేతులు బంగారంలా ఉన్నాయమ్మా," అందట కోచమ్మ. "చెవులే పాడుచేశారు మీరంతా కలిసి."

ఉడుమును బెంచీ మీద కూర్చోబెట్టి వేరే పిల్లకు గోల్ అప్పగించింది. ఈ ఏడు టోర్నమెంటు వచ్చింది. మా ఊరి టీము ఒక్కో ఆటా ఓడిపోతోంది. ఉడుము గ్లవుజులు తొడుక్కుని బెంచీ మీద కూర్చుంటోంది. వచ్చే ఏటికి దానికి పద్నాలుగు నిండిపోతాయి. ఇక ఈ పోటీల్లో చోటుండదు. ఆడితే ఈ వారంలోనే ఆడాలి, లేదా కిందటేడు వదిలేసిన ఆ బంతే దాని ఆఖరి బంతి.

చివరికి మిగిలింది ఒక్క ఆట. పంతొమ్మిదో స్థానం కోసం పోటీ! నవ్వకండి. ఇరవై టీముల్లో ఎవరు ఆఖరో తేల్చుకునే ఆట అన్నమాట. మాతో తేల్చుకోవడానికి వచ్చింది ఎవరనుకున్నారు? ఆ ద్వీపం టీమే. వాళ్ళకూ ఈ ఏడు కలిసిరాలేదు.

ఆ ఆటకు ఉడుమునే నిలబెడతానంది కోచమ్మ. ఒక షరతు పెట్టింది. బంతి వచ్చినప్పుడు ఒక్కసారి గీత వైపు చూసినా సరే, పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టేస్తానంది. ఆ మాట ఉడుము ఇంట్లో ఇంకెవరికీ చెప్పలేదు. నా మంచం పక్కన వచ్చి నిలబడింది.

"రేపు నువ్వు అరవకూడదు తాతయ్యా," అంది.

"అయితే నేను ఇంట్లోనే ఉంటాలేవే. నా గొంతు నా మాట వినదు," అన్నాను.

"రాకపోతే ఇంకా కష్టం. ఎక్కడైనా ఉన్నావేమోనని వెతుక్కుంటాను." నా మంచం కింది నీళ్ళ చెంబు చూపించింది. "రా. నోట్లో నీళ్ళు పోసుకుని నిలబడు. మింగకూడదు, ఉమ్మకూడదు."

"ఎంతసేపే?"

"ఆటయ్యేదాకా."

డెబ్బై రెండేళ్ళు వచ్చాయి నాకు. జీవితంలో ఎన్నోసార్లు సమాధానం చెప్పలేక నీళ్ళు నమిలాను. నిజంగా నీళ్ళు నమిలింది మాత్రం ఆ మర్నాడే!

ఎలా ఉందో చెప్పమంటారా? మొదటి పది నిమిషాలు బాగానే ఉంది. తర్వాత నీళ్ళు వెచ్చబడ్డాయి. తర్వాత ముక్కు దురద పుట్టింది. పక్కకు చూస్తే ఉన్ని టోపీ తాత! కిందటేటి గొడుగే, కిందటేటి టోపీయే. నన్ను గుర్తుపట్టి, చేతులు చాచి, వాళ్ళ భాషలో ఏదో పెద్ద పలకరింపు పలికాడు. నేను బుగ్గలు ఉబ్బించుకుని కళ్ళెగరేశాను. పాపం, నాకు పంటి నొప్పి అనుకున్నాడు. చెంప తడమబోయాడు. దగ్గరికొచ్చి తడిమితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? ఆయన చొక్కా సగం తడిసింది.

సీసా ఎత్తి మళ్ళీ నోరు నింపుకుని సైగలు చేశాను. ముందు సీసా చూపించాను, తర్వాత నా నోరు చూపించాను, తర్వాత దూరాన గోల్‌లో ఒంటరిగా నిలబడి ఉన్న ఉడుమును చూపించాను. ఆయన ఉడుమును చూశాడు. తన తొమ్మిదో నంబరు పిల్లను చూశాడు. ఏం గుర్తొచ్చిందో ఏమో, నా చేతిలోంచి సీసా తీసుకుని తనూ నోరు నింపుకున్నాడు.

ఇద్దరు ముసలాళ్ళు బుగ్గలుబ్బించుకుని పక్కపక్కన నిలబడితే జనం చూడరా? మా అమ్మాయి చూసింది. అప్పటికి రిఫరీ గురించి ఏదో ప్రకటన చేయబోతున్నదల్లా నోరు మూసుకుని సీసా అడిగింది. ఇక మా అల్లుడు! ఆయనకు నీళ్ళు అక్కర్లేదు. గీత పొడుగునా ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ, ఒక్కొక్కరి ముందు ఆగి, పెదాల మీద వేలు పెట్టి "ష్" అన్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్న "ష్" అది! మా వాళ్ళూ ఊరుకున్నారు, ద్వీపంవాళ్ళూ ఊరుకున్నారు. గోడౌన్ కప్పు మీద పావురాలు కూడా సర్దుకుని కూర్చున్నాయి.

గ్రౌండు నిశ్శబ్దమైపోయింది. నిశ్శబ్దం అనుకున్నాను. కాదు.

"నీ వెనక మనిషుంది."

"ఇక్కడున్నా, ఇక్కడున్నా."

"పర్లేదే, మళ్ళీ చూద్దాం."

పిల్లలు! వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. అవతలి టీము పిల్లలు వాళ్ళ భాషలో అవే మాటలు అనుకుంటున్నారు. ఆట మొదలైనప్పటి నుంచీ, ఆ మాటకొస్తే ఇన్నేళ్ళ నుంచీ, వాళ్ళు ఇలా మాట్లాడుకుంటూనే ఉన్నారట. ఎవరు ఎటు పోవాలో, ఎవరికి బంతి ఇవ్వాలో వాళ్ళు ముందే తేల్చుకుంటున్నారు. పడినవాళ్ళను లేపుకుంటున్నారు. ఒక పిల్ల ఏదో జోకు వేస్తే అవతలి పిల్లకు అర్థం కాకపోయినా నవ్వింది. ఇంత సంసారం గీత లోపల నడుస్తుంటే, మేము బయట నిలబడి ఏం చేస్తున్నట్టు ఇన్నాళ్ళూ?

సరిగ్గా అప్పుడే బంతి గాలిలో లేచి మా గోల్ మీదికి వచ్చింది. నలుగురు పిల్లలు దాని కిందికి పరిగెత్తారు. ఉడుము గీత వైపు చూడలేదు.

"నాది," అంది.

ఒక్క మాట. గోడౌన్ గోడకు తగిలి తిరిగి వచ్చింది. నలుగురూ పక్కకు తప్పుకున్నారు. ఉడుము ఎగిరి బంతిని రెండు చేతులా అందుకుని కిందికి దిగింది. ఇంట్లో ఉప్పు అందించమని అడగడానికి కూడా గొంతు పెగలని పిల్ల! ఆ గొంతు ఎవరి పోలికో నేను చెప్పుకోను. నోట్లో నీళ్ళున్నాయి.

బెంచీ దగ్గర కోచమ్మ ఈల నోట్లోంచి తీసి, పిండి చేతులు ప్యాంటుకు తుడుచుకుంది. ఆమె ఉడుమును వెనక్కి పిలవలేదు.

రెండు రెండుగా ఆట ముగిసింది. పెనాల్టీలు. ఒక్కొక్కరూ వచ్చి గోల్‌కీపర్ ఎదుట నిలబడి తన్నాలి, ఎవరివి ఎక్కువ లోపలికి పోతే వాళ్ళది గెలుపు. మాది ఒకటి కమ్మీ మీదుగా ఆకాశంలోకి పోయింది. ద్వీపంవాళ్ళకు ఆఖరి తన్ను మిగిలింది. అది లోపలికి పోతే మేము ఇరవయ్యో స్థానం. తన్నడానికి వచ్చింది తొమ్మిదో నంబరు పిల్ల.

టోపీ తాత నా మోచేయి పట్టుకున్నాడు. నేను ఆయన గొడుగు పట్టుకున్నాను. ఇద్దరి బుగ్గలూ వణుకుతున్నాయి. గీత మీద ఒక్కరూ నోరు మెదపలేదు.

పిల్ల తన్నింది. కుడి మూలకు, నేల బారుగా, బాణంలా పోతోంది బంతి. ఉడుము కుడివైపే దూకింది. ఒళ్ళంతా చాపి, గాలిలోనే రెండు చేతులా బంతిని ఒడిసిపట్టి, గుండెలకు హత్తుకుని కిందపడింది. ఉడుంపట్టు! మేము ఓడలేదు! నేను నోట్లో నీళ్ళు మింగి...

ఇక్కడితో ముగిద్దామనే అనుకున్నాను. ముగించి, కాగితాలు మనవరాలికి చదవమని ఇచ్చాను. వంటింటి గడప మీద కూర్చుని చదివింది. పుచ్చకాయ దగ్గర నవ్వింది. బస్సు దగ్గర ఒకసారి నా వైపు చూసింది. ఆఖరి కాగితం మాత్రం రెండుసార్లు చదివింది.

"నేను పట్టుకున్నానని రాశావేం?"

"చదివేవాళ్ళకు బాగుంటుందనే."

"గీత బయట నిలబడి చెబుతున్నావు మళ్ళీ," అంది. కాగితాలు నా ఒళ్ళో పెట్టి, బూట్లు వేసుకుని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.

సరే, ఒప్పుకుంటున్నాను. ఇంత రాతలో నేను కల్పించింది అదొక్కటే, మిగతాదంతా పచ్చి నిజం. బంతి లోపలికే వెళ్ళింది. దాని వేళ్ళ కొసలకు తగిలి, కాస్త దారి మళ్ళి, అయినా లోపలికే వెళ్ళింది. మేము ఇరవయ్యో స్థానం, అంటే అందరికంటే ఆఖరు. కానీ కుడివైపు దూకమని దానికి ఎవరూ చెప్పలేదు. తనంతట తానే చూసుకుని దూకింది.